సున్నా ఎప్పుడొస్తుంది? నారికురుపు అంకెలతో అంచనా కట్టడం

మా జేజికి ఎడమ చీలమండ పైన రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి ఉండేది. చిన్నప్పుడు అదేంటని అడిగితే "నారికురుపు లేరా, పుల్లకు చుట్టి లాగినారు" అనేసి మళ్లీ తన పనిలో పడిపోయేది, కాలికి ముల్లు గుచ్చుకున్నంత మామూలు సంగతన్నట్టు. సీమలో దిగుడుబావి నీళ్లు తాగి పెరిగిన ఆ తరానికి అది నిజంగానే మామూలు సంగతి. ఇప్పుడు మన దేశంలో ఆ రోగం లేదు. చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడింది, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది. ఆఫ్రికాలో మాత్రం ఇంకా ఉంది. ఏడాదికి పదుల్లో కేసులు, ఎప్పటికప్పుడు "ఇంకొక్క రెండు మూడేళ్లు" అనే మాట.

రోగం పెరుగుతున్నప్పుడు అంచనాలెలా కడతారో కరోనా రోజుల్లో టీవీ చూసినవాళ్లందరికీ ఎంతో కొంత తెలిసింది. తగ్గుతున్న రోగానికి ఎలా కట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. గ్రాఫ్ కిందికి దిగుతోంది కదా, స్కేలు పెట్టి గీత గీస్తే ఎక్కడ నేలను తాకుతుందో అదే తేదీ అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒకసారి నలుగురి ముందు తేదీ చెప్పి, తర్వాత మొహం చెల్లక తిరిగాను. అందుకే ఈ పద్ధతంతా నారికురుపు అంకెలు పట్టుకుని చెప్తున్నాను. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ వాడటం వస్తే చాలు, ఇంటర్ లెక్కల్లో లాగరిథమ్ అనే మాట గుర్తుంటే ఇంకా హాయి.

ముందు రోగం, తర్వాతే లెక్క

డేటా దొరకగానే షీట్ తెరిచి ఫార్ములాలు కొట్టకండి. రోగం ఎలా పాకుతుందో కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాసుకోండి. ఆ నాలుగు వాక్యాలే మీ మోడల్, మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

నారికురుపుకి అది ఇలా ఉంటుంది. చెరువు నీళ్లలో కంటికి సరిగ్గా ఆనని సైక్లోప్స్ అనే నీటి పురుగులుంటాయి, వాటి కడుపులో నారిపురుగు పిల్లలుంటాయి. వడకట్టకుండా ఆ నీళ్లు తాగితే అవి మన ఒంట్లో చేరి, దాదాపు ఏడాది పాటు చప్పుడు చేయకుండా పెరిగి, ఆడపురుగు మీటరు దాకా సాగి, ఎక్కువగా కాలి దగ్గర బొబ్బ కట్టి బయటికి వస్తుంది. ఆ మంట భరించలేక మనిషి కాలు తీసుకెళ్లి నీళ్లలో పెడతాడు, పురుగు అక్కడే లక్షల్లో పిల్లల్ని వదులుతుంది, వాటిని సైక్లోప్స్ తింటాయి, కథ మళ్లీ మొదలు. టీకా లేదు, మందు లేదు. రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పుల్లకు చుట్టుకుంటూ వారాల తరబడి లాగడమే వైద్యం. మధ్యలో తెగిందా, లోపల మిగిలిన ముక్క చీము పట్టి ఇంకా పెద్ద గొడవ.

ఇందులో లెక్కకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఒక తరం రోగులకీ తర్వాతి తరం రోగులకీ మధ్య దూరం దాదాపు ఏడాది. అంటే ఈ ఏడాది కేసుల్ని పోయినేడాది కేసులతో భాగిస్తే వచ్చేదే ఉజ్జాయింపుగా ఆర్ నంబరు, ఒక్కో రోగి వల్ల మరుసటేడు ఎంతమందికి అంటుకుందనేది. మిగతా రోగాలకి దీన్ని రాబట్టడానికి నానా తంటాలు పడాలి, ఇక్కడ భాగహారం చాలు. నేను ఈ రోగాన్ని ఎంచుకున్నదే అందుకు. రెండోది, ఒకసారి వచ్చిపోయినంత మాత్రాన మళ్లీ రాకుండా ఉండదు. కాబట్టి కరోనాకి వాడిన ఎస్‌ఐఆర్ మోడల్, అంటే కోలుకున్నవాళ్లని పక్కన పెట్టి లెక్క కట్టేది, ఇక్కడ తెచ్చి పెట్టకండి. ఈ రోగం తగ్గేది జనం గుడ్డతో నీళ్లు వడకట్టడం వల్ల, పురుగు బయటికొచ్చినవాళ్లని చెరువులో దిగకుండా ఆపడం వల్ల, నీళ్లలో సైక్లోప్స్‌ని చంపే టెమెఫాస్ మందు కలపడం వల్ల. ఆ పని ఆగిన రోజు ఆర్ మళ్లీ లేస్తుంది. ఏ మోడలైనా "ఈ పని ఇలాగే సాగితే" అనే షరతు మీదే నిలబడుతుంది, చాలామంది ఆ షరతు రాయడం మర్చిపోతారు.

మొదటి గీత

ఇప్పుడు అంకెలు. ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో కేసులు: 2009లో 3,190, 2010లో 1,797, 2011లో 1,058, 2012లో 542, 2013లో 148, 2014లో 126, 2015లో 22. మీరు 2016 జనవరిలో కూర్చుని ఉన్నారనుకోండి, ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలియదు.

ఒక కాలమ్‌లో ఏళ్లు, పక్క కాలమ్‌లో కేసులు వేయండి. మూడో కాలమ్‌లో కేసులకి లాగ్ తీయండి, షీట్‌లో ఎల్ఎన్ అనే ఫంక్షన్ ఉంటుంది. కేసుల్ని నేరుగా గ్రాఫ్ గీస్తే జారుడుబల్లలా కనిపించేది లాగ్ తీశాక ఇంచుమించు తిన్నటి గీత అవుతుంది. కారణం తెలిసిందే: ఏటా ఇన్ని తగ్గడం కాదు, ఏటా ఇన్నో వంతు తగ్గడం. ఆ గీత వాలు కోసం స్లోప్ ఫంక్షన్ వాడండి. పై ఏడు అంకెలకి అది మైనస్ 0.79 వస్తుంది. దాన్ని తిరగేసి, అంటే ఎక్స్‌ప్ ఫంక్షన్‌లో వేస్తే, 0.45. ఏటా కేసులు పోయినేటిలో 45 శాతానికి పడిపోతున్నాయన్నమాట.

ఇంకేముంది, 22ని 0.45తో గుణించుకుంటూ పోండి. 2016కి 10, 2017కి నాలుగైదు, 2018కి 2, 2019కి 0.9. ఒకటి కంటే కిందికి దిగింది కాబట్టి 2019లో రోగం పోతుంది. బోర్డు మీద ఎంత అందంగా ఉంటుందో!

జరిగింది వేరు. 2016లో 25, 2017లో 30, 2018లో 28, 2019లో ఏకంగా 54. ఎక్కడ తప్పాం? గుణకారంలో కాదు. ఎక్కడ తప్పామో వెతకడమే ఈ పనిలో అసలు పని, మిగతా భాగమంతా అదే.

ఓ చిన్న ఇబ్బంది ముందే చెప్పేస్తాను, ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఇక్కడ పడతారు. ఏదో ఒక ఏడాది సున్నా కేసులుంటే లాగ్ తీయలేం, షీట్ ఎర్రర్ కొడుతుంది. అప్పుడు అన్నిటికీ ఒకటి కలిపేసి లాగ్ తీసే అలవాటు కొందరికి ఉంది. పెద్ద అంకెలప్పుడు పర్వాలేదు గానీ, 3, 1, 0 లాంటి అంకెలప్పుడు ఆ కలిపిన ఒకటే డేటా కంటే బరువైపోతుంది. సున్నాలు కనబడటం మొదలైందంటే ఈ గీత పద్ధతి వదిలేసే టైమొచ్చిందని అర్థం. కింద చెప్పబోయే గొలుసు లెక్కకి మారిపోండి.

ఎక్కడి నుంచి ఎక్కడి దాకా

నేను 2009 నుంచే ఎందుకు మొదలుపెట్టాను? నిజాయితీగా చెప్పాలంటే గీత బాగా కుదిరింది గనుక. ఇది మోసమే, తెలియకుండా చేసే మోసం. 1989లో లెక్కకొచ్చిన కేసులు 8,92,055. అక్కడి నుంచి 2015 దాకా 26 ఏళ్లకు సగటు తీస్తే ఏటా 0.66 వస్తుంది, 0.45 కాదు. ఆ లెక్కన 22 కేసులు ఒకటి కిందికి దిగాలంటే 2023 దాకా ఆగాలి. ఒకే రోగం, ఒకే డేటా, మొదలుపెట్టిన ఏడాది మారిస్తే జవాబు నాలుగేళ్లు జరిగింది. కాబట్టి కనీసం మూడు వేర్వేరు ఏళ్ల నుంచి మొదలుపెట్టి మూడు జవాబులూ పక్కపక్కన రాయండి. అవి ఒకదానికొకటి దూరంగా ఉంటే ఆ దూరాన్నే చెప్పండి, నడిమి దాన్ని ఏరుకుని మిగతావి దాచకండి.

మీ పద్ధతి ఎంత నమ్మదగిందో తెలియాలంటే ఇంకో పని ఉంది, దీన్ని మాత్రం ఎప్పుడూ మానొద్దు: పాత రోజుల్లోకి వెళ్లి, తర్వాతి అంకెల్ని చేత్తో మూసేసి, అంచనా కట్టి, తర్వాత చెయ్యి తీసి చూడండి. ఉదాహరణకి 1989 నుంచి 1995 దాకా చూస్తే కేసులు 8,92,055 నుంచి 1,29,852కి దిగాయి, ఏటా సుమారు 0.73. అదే ఊపులో పోతే 2000 నాటికి 26 వేలుండాలి. వచ్చినవి 75,223. దాదాపు మూడింతలు! ప్రపంచ ఆరోగ్య సభ 1991లో పెట్టుకున్న గడువు కూడా 1995, ఆ తర్వాత 2009 అన్నారు, 2015 అన్నారు, 2020 అన్నారు, ఇప్పుడు 2030. గడువులు జరిగిన తీరుకీ మన గీత తప్పిన తీరుకీ పోలిక లేకపోలేదు.

పైగా అంకె పెరిగిన ప్రతిసారీ రోగం పెరిగినట్టు కాదు. 1995లో 1,29,852 ఉన్నవి 1996లో 1,52,814 అయ్యాయి. 2005లో 10,674 ఉన్నవి 2006లో 25,217 అయ్యాయి. రెండుసార్లూ పెరుగుదలలో పెద్ద వాటా సూడాన్‌ది. అక్కడ యుద్ధం వల్ల ఊళ్లలోకి ఎవరూ పోలేకపోయారు. 1995లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మధ్యలో కూర్చుని ఇరుపక్షాలనీ కాల్పులాపేందుకు ఒప్పించాడు, నారికురుపు పని కోసం యుద్ధం కొన్ని నెలలు ఆగింది. 2005లో శాంతి ఒప్పందం కుదిరింది. దారులు తెరుచుకున్నాక కార్యకర్తలు వెళ్లి చూస్తే అప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టని కేసులు కనిపించాయి. కాబట్టి కేసుల కాలమ్ పక్కనే ఇంకో కాలమ్ పెట్టి, ఆ ఏడాది ఎన్ని ఊళ్ల నుంచి రిపోర్టులొచ్చాయో రాయండి. ఆ అంకె దొరక్కపోతే "ఈ ఏడాది కొత్తగా వెతికారు", "ఈ ఏడాది వెళ్లలేకపోయారు" అని మాటల్లోనైనా రాసుకోండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

మొత్తం కలిపితే ఎందుకు మోసపోతాం

గీత ఎప్పుడూ ఆశకే ఎందుకు మొగ్గుతుందో ఓ చిన్న లెక్కతో చూపిస్తా. రెండు ప్రాంతాలున్నాయనుకోండి. మొదటిదాంట్లో 900 కేసులు, అక్కడ పని బాగా జరుగుతోంది, ఏటా 0.3కి పడుతున్నాయి. రెండోదాంట్లో 100 కేసులే, కానీ అది దారీ తెన్నూ లేని చోటు, ఏటా 0.8కి మాత్రమే. మొత్తం 1,000. మరుసటేడు 270, 80 కలిపి 350. తర్వాత 145. తర్వాత 75. తర్వాత 48. ఆ తర్వాత 35. ఏటికేడు నిష్పత్తి చూడండి: 0.35, 0.41, 0.52, 0.64, 0.73. రెండు ప్రాంతాల్లో దేనిలోనూ ఏమీ మారలేదు, అయినా మొత్తం మీద తగ్గుదల మందగించినట్టు కనిపిస్తోంది. సులువుగా పోయేది ముందే పోతుంది, చివరికి మొండిదే మిగులుతుంది.

కాబట్టి కుదిరితే దేశాలవారీగా, ఇంకా కుదిరితే జిల్లాలవారీగా గీతలు వేసి, అంచనాలు కట్టాక కలపండి. కలిపాక అంచనా కట్టడం తలకిందుల పని.

మన దేశం అంకెలు కూడా వేసి చూశాను. 1984లో దాదాపు 40 వేల కేసులు. ఏడు రాష్ట్రాల్లో ఉండేది, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1991లో 2,185, 1992లో 1,081, 1993లో 755, 1994లో 371, 1995లో 60, 1996లో 9, ఆ తర్వాత లేవు. పన్నెండేళ్ల సగటు తీస్తే ఏటా సరిగ్గా సగం. ఆఫ్రికా చివరి ఏళ్ల 0.45కి ఇది చాలా దగ్గర. కానీ ముగింపు చూడండి. మనకి 371, 60, 9, సున్నా అంటూ గీత కంటే వేగంగా పడిపోయింది. వాళ్లకి 126, 22, 25, 30 అంటూ నేలకు జానెడు పైన ఆగిపోయింది. ఇద్దరి వాలూ ఒకటే, తోక వేరు. వాలు చూసి తోక ఎలా ఉంటుందో చెప్పలేమని నాకు అర్థమైంది ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకున్న రోజే.

చివరి ఇరవై మందికి వేరే లెక్క

కేసులు వందల్లో ఉన్నంతకాలం సగటు పనికొస్తుంది. ఇరవైకి దిగాక ఒక్కొక్క మనిషీ ఒక్కో కథ. ఒకరి పురుగు బయటపడ్డ రోజే కార్యకర్త వచ్చి కట్టు కట్టాడు, అంతటితో ఆగింది. ఇంకొకరు ఎవరికీ చెప్పకుండా చెరువులో దిగారు, మరుసటేడు అయిదుగురు. 0.9 కేసు అనేది కాగితం మీదే ఉంటుంది, ఊళ్లో ఉండేది సున్నానో ఒకటో రెండో. అందుకే ఇక్కడ "ఎన్ని కేసులు" అని అడగడం మానేసి "గొలుసు తెగిపోయే అవకాశం ఎంత" అని అడగాలి.

షీట్‌లో ఇది రెండు నిమిషాల పని. ఒక గడిలో 0 వేయండి. దాని కింది గడిలో, పై గడిలోని అంకెలోంచి ఒకటి తీసేసి, 0.45తో గుణించి, ఎక్స్‌ప్ చేయండి. ఆ ఫార్ములాని కిందికి లాగండి. వరసగా 0.638, 0.850, 0.934, 0.971, 0.987, 0.994 వస్తాయి. ఒక్క రోగితో మొదలైన గొలుసు ఒకటో ఏటికి, రెండో ఏటికి, ఇలా తెగిపోయి ఉండే అవకాశాలు ఇవి. మనకు 22 మంది ఉన్నారు, 22 గొలుసులూ తెగాలి, కాబట్టి ఒక్కోదాన్ని 22వ ఘాతానికి పెంచండి. 2016కి దాదాపు సున్నా, 2017కి 3 శాతం, 2018కి 23, 2019కి 52, 2020కి 75, 2021కి 88.

గీత "2019లో అయిపోతుంది" అంది. అదే 0.45తో ఈ లెక్క "2019కి అయిపోయే అవకాశం దాదాపు సగానికి సగం" అంటోంది. ఏమీ మారకుండానే, బొమ్మ పడితే పోయింది, బొరుసు పడితే ఉంది. గీత చెప్పిన తేదీని నలుగురికీ చెప్పేముందు ఈ కాలమ్ ఒక్కసారి కట్టుకుని ఉంటే నా పరువు మిగిలేది.

ఈ ఫార్ములా వెనకున్నది పాయిసాన్ పంపిణీ, అంటే సగటు తెలిస్తే సున్నా, ఒకటి, రెండు ఇలా ఏ అంకె పడే అవకాశం ఎంతో చెప్పేది. పాయిజన్ కాదు, విషానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆయనో ఫ్రెంచి గణితవేత్త. ఇందులో అనుకున్నదేంటంటే ప్రతి రోగీ ఇంచుమించు ఒకేలా అంటిస్తాడని. నారికురుపులో అలా ఉండదు, ఎక్కువమంది ఎవరికీ అంటించరు, ఎవరో ఒకరు ఊరి చెరువుకే అంటిస్తారు. ఆ హెచ్చుతగ్గుల్ని పట్టుకోవడానికి నెగటివ్ బైనామియల్ అనే పంపిణీ వాడతారు, అందులో హెచ్చుతగ్గులు ఎంతో చెప్పే ఇంకో అంకె ఉంటుంది. ఆ అంకె 0.2 అనుకుని, అంటే కొద్దిమందే ఎక్కువమందికి అంటిస్తారనుకుని కడితే 2019కి సున్నా అయ్యే అవకాశం 52 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. విచిత్రంగా ఉంది కదా? గొలుసుల్లో ఎక్కువ భాగం వాటంతటవే తెగిపోతాయి. తెగనిది మాత్రం ఒక్కసారిగా భగ్గుమంటుంది. అవకాశం మెరుగైందని సంబరపడేముందు ఆ రెండో ముక్క కూడా రాయాలి.

గీత నేలకు అంటకుండా ఆగిపోతే

2015 తర్వాతి అంకెలు పూర్తిగా చెప్తాను: 22, 25, 30, 28, 54, 27, 15, 13, 14, 15. చివరిది 2024ది. గొలుసు లెక్క కూడా దీన్ని పట్టలేదు. 0.45 అనే ఆర్‌తో ఇలా పదేళ్లు నిలకడగా ఉండటం అసలు కుదరదు, పోవాలి లేదా ఆర్ ఒకటి దాకా లేచి ఉండాలి. లేదా ఎక్కడి నుంచో కొత్తగా వచ్చి కలుస్తుండాలి.

మూడోదే నిజం. చాద్ దేశంలో దాదాపు పదేళ్లు కేసులేవీ కనిపించలేదు, 2010లో మళ్లీ పది బయటపడ్డాయి. 2012 నుంచి అక్కడ కుక్కల కాళ్ల నుంచి ఇదే పురుగు రావడం మొదలైంది. చెరువు ఒడ్డున పారేసిన చేపల పేగులూ అలాంటివీ తినడం వల్ల వాటికి సోకుతోందని భావిస్తున్నారు. 2019లో చాద్‌లో మనుషుల్లో 48 కేసులుంటే, కుక్కల్లో 1,900కి పైగా. మనం ఇన్నాళ్లూ లెక్కపెట్టింది రోగాన్ని కాదు, రోగంలో మనుషుల వాటాని.

మోడల్‌లో దీన్ని పెట్టడం సులువే. వచ్చే ఏటి కేసులు = 0.45 × ఈ ఏటి కేసులు + బయటి నుంచి వచ్చి కలిసేవి. అంకెలు నిలకడగా ఉన్నప్పుడు బయటివి ఎన్నో వెనక్కి లెక్కకట్టొచ్చు: సగటు కేసుల్ని 0.55తో, అంటే ఒకటిలోంచి 0.45 తీస్తే మిగిలేదానితో గుణించండి. 2016 నుంచి 2018 దాకా సగటు 28 దగ్గర, అంటే ఏటా 15 మంది బయటి నుంచి. 2021 నుంచి 2024 దాకా సగటు 14 పైచిలుకు, అంటే ఏటా 8 మంది. ఇలా చూస్తే "తగ్గడం ఆగిపోయింది" అనిపించిన చోట నిజానికి మూలం సగానికి తగ్గింది. చాద్‌లో కుక్కల్ని కట్టేయడం, చేపల పేగుల్ని పూడ్చడం లాంటివి గట్టిగా చేయించిన ఏళ్లు కూడా ఇవే.

అయితే ఇక్కడ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 28 కేసుల నిలకడని "ఆర్ 0.45, బయటివి 15" అనొచ్చు, "ఆర్ సున్నా, బయటివే మొత్తం 28" అని కూడా అనొచ్చు. కేసుల వరస రెండింటికీ ఒకేలా ఉంటుంది. ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ అయినా ఈ రెండిట్నీ విడదీయలేదు, విడదీసినట్టు జవాబిస్తే అది మీరు ముందే ఏదో ఒకటి అనుకుని పెట్టినందుకు. విడదీయాలంటే ఊరికెళ్లి, ఈ రోగికి పోయినేడాది ఏ రోగి చెరువు నుంచి వచ్చిందో, అసలు మనిషి నుంచే వచ్చిందో లేదో కనుక్కోవాలి. లెక్కల మనిషి కుర్చీ దిగాల్సిన చోటు ఇదే.

అందుకే ఇప్పుడు నారికురుపుకి ఎవరైనా అంచనా కట్టమంటే నేను మనుషుల కాలమ్‌తో మొదలుపెట్టను. కుక్కల కాలమ్‌కి గీత వేస్తాను, అక్కడ అంకెలు వందల్లో ఉంటాయి కాబట్టి వాలు తెలుస్తుంది, దాని నుంచి మనుషుల్ని రాబడతాను. 2019 చాద్ అంకెల ప్రకారం చూస్తే సుమారు నలభై కుక్కలకు ఒక మనిషి. ఈ నిష్పత్తి ఏటా కదులుతుంది, దాన్నే పట్టుకు వేలాడకండి, కానీ చెయ్యి పెట్టుకోవడానికి ఒక ఊత.

వేరే రోగానికి ఇదే పద్ధతి వాడేవాళ్లకి రెండు ముక్కలు. ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే కాలా అజార్ జ్వరానికి కుక్క పాత్ర పోషించేది, జ్వరం తగ్గాక కొందరికి చర్మం మీద వచ్చే మచ్చలు. వాళ్లకి ఒంట్లో నలత ఉండదు, కానీ వాళ్లని కుట్టిన ఈగ రోగాన్ని మోస్తుంది. కుష్ఠు అయితే బయటపడటానికే ఏళ్లు పడుతుంది, ఈ ఏటి కొత్త కేసులు ఎప్పటివో సోకినవి, భాగహారంతో ఆర్ తీయాలని చూస్తే నవ్విపోతారు.

అంచనా ఎలా రాయాలి

ఒకే అంకె ఇవ్వకండి. బయటి నుంచి వచ్చేవి ఇలాగే ఉంటే వచ్చే ఏడాది సగటు 14 అనుకుందాం. పాయిసాన్ ప్రకారం అది 7 నుంచి 22 మధ్య ఎక్కడైనా పడొచ్చు. సున్నా పడే అవకాశం పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ, కాబట్టి ఎవరైనా "వచ్చే ఏడాదికి సున్నా" అంటే టీ తాగి వెళ్లమనండి. ఈ 7 నుంచి 22 కూడా ఇరుకైన హద్దే. సగటు 28 ఉన్న రోజుల్లో పాయిసాన్ హద్దులు 18 నుంచి 39, అయినా 2019లో 54 వచ్చింది. అందుకే నేను 5 నుంచి 30 అని రాస్తాను. ఆ అదనపు వెడల్పుకి ఫార్ములా లేదు, 2019 దెబ్బ ఒక్కటే ఆధారం, ఆ మాట కూడా పక్కనే రాస్తాను.

షరతులు రాయండి: పని ఇలాగే సాగితే, యుద్ధం వల్ల దారులు మూసుకుపోకపోతే, కుక్కల్లో తగ్గుదల కొనసాగితే. ఇవి రాస్తే అంచనా బలహీనంగా కనిపిస్తుందని భయం ఉంటుంది, పై ఆఫీసర్‌కి ఒక్క తేదీ కావాలి, మీకేమో టెన్షన్. తేదీ ఇవ్వక తప్పకపోతే "ఫలానా ఏటికి సున్నా అయ్యే అవకాశం ఇంత శాతం" అని ఇవ్వండి. సున్నా వచ్చిన ఏడాదే పండగ చేసుకోవద్దని కూడా చెప్పండి. దేశానికి సర్టిఫికెట్ రావాలంటే నిఘా గట్టిగా ఉంచి కనీసం మూడేళ్లు వరసగా సున్నా చూపించాలి. అంగోలాలో ఎవరూ ఊహించకుండా 2018లో కేసు బయటపడింది.

చివరి పని చాలా చిన్నది, ఎవరూ చేయనిది. అంచనా కట్టిన తేదీ వేసి షీట్‌ని కాపీ తీసి దాచండి, మళ్లీ దాన్ని ముట్టుకోకండి. పక్కన "వచ్చింది" అని ఒక ఖాళీ కాలమ్ ఉంచండి. మరుసటేడు జనవరిలో అసలు అంకె తెలియగానే అందులో వేసి, హద్దుల్లో పడిందా లేదా రాయండి. నా పాత షీట్‌లో 2019 ఎదురుగా "అంచనా 0.9, వచ్చింది 54" అని ఇప్పటికీ ఉంది.